గోప్యమను మాట

ఈ కాలమున మన పల్లెలకు వచ్చు కాగితములలో పెక్కింటిపై ఒక వాక్యము అచ్చుపడి యుండును: మీరు తెలిపిన వివరములు గోప్యముగా నుంచబడును. ఆసుపత్రి పత్రముమీద, బ్యాంకు దరఖాస్తుమీద, సర్వే ఫారముమీద ఇదే మాట. దానిని వ్రాసినవారు ఒక అర్థమున వ్రాయుదురు. చదివి వినిపించువారు వేరొక అర్థమున వినిపింతురు. వినువారు తలయూపి వ్రేలిముద్ర వేయుదురు. కాటారము మండలమున, భూపాలపల్లినుండి కాళేశ్వరమునకు పోవు దారి కిరువైపుల నున్న ఈ అడవియంచు గ్రామములలో, "గోప్యము" అను శబ్దమును సహజముగా నోట పలుకువారిని నే నెరుగను. వారి మాట "గుట్టు". "కడుపుల పెట్టుకో" అందురు. "నీ చెవిన వేసిన, ఇంకో చెవికి పోవద్దు" అందురు. కాగితము చెప్పునదియు, కడుపు చెప్పునదియు ఒకటియేనా యని విచారించుటకై ఈ వ్యాసము.

సంస్కృతము చదివినవారికి వ్యుత్పత్తి చెప్పుట యొక వ్యసనము. పాఠకులు కొంచె మోర్తురుగాక. రహస్యమునకు మూలము "రహస్" అను శబ్దము; ఏకాంతప్రదేశమని దాని యర్థము. నలుగురు లేనిచోట నుండునది రహస్యము. గూఢమునకు మూలము "గుహ్" ధాతువు; కప్పివేయుట దాని యర్థము; కొండలోని గుహ దాని తోబుట్టువు. గోప్యమునకు మూలమైన "గుప్" ధాతువునకు మాత్రము ధాతుపాఠమున చెప్పిన యర్థము రక్షించుట. దాచుట యను అర్థము దానివెంట వచ్చి చేరినది. ఆధునిక భాషావేత్తలు మరియొక మెట్టు వెనుకకు పోయి, ఈ ధాతువే "గోప" శబ్దమునుండి పుట్టినదని చెప్పుదురు. గోవులను కాచువాడు గోపుడు. గోపునివలె కాచుట "గోపాయతి". అందుండి గుప్, గుప్తము, గోప్యము. అనగా ఈ మాట యడుగున పసులకాపరి యొకడు కఱ్ఱ చేతబట్టుకొని నిలిచియున్నాడు.

ఈ కాపరిని మనము కొంతసేపు చూడవలెను. ఉదయము ఇంటింటి పశువులను కూడదోలుకొని అడవికి పోవును. సాయంకాలము ఎవరి పశువును వారి దొడ్డికి చేర్చును. మంద యంతయు వాని చేతిలో నున్నను అందొక దూడయైనను వానిది కాదు. అమ్ముటకు వానికి హక్కు లేదు. "నేను కాచుచున్నాను గనుక నాది" యనుటకును లేదు. అడిగినవానికెల్ల చూపనక్కరయు లేదు. యజమాని వచ్చి అడిగిననాడు మాత్రము చూపక తప్పదు. రహస్యమునకు ఒక్క మనిషి చాలును. తన మనసులో తాను దాచుకొనినది రహస్యమే. గోప్యమునకు ఇద్దరు కావలెను: సొత్తు గలవా డొకడు, దానిని కాచువాడు మరియొకడు. ఒకడు నమ్మి చెప్పిన పిమ్మటనే గోప్యము పుట్టును. ఇంగ్లీషువారి "కాన్ఫిడెన్షియల్" అను పదము లాటినులోని "ఫిదేస్", అనగా నమ్మకము, అను మాటనుండి వచ్చినది. వారు నమ్మినవానివైపు నుండి చెప్పిరి; మనవారు కాచువానివైపు నుండి చెప్పిరి. సంగతి యొక్కటే.

మన పెద్దలు గోప్యములు తొమ్మిది యని లెక్క పెట్టిరి: వయస్సు, ధనము, ఇంటిలోని లోపము, మంత్రము, ఔషధము, దాంపత్యము, దానము, గౌరవము, అవమానము. ఈ పట్టికను నేటి సర్వే ఫారముతో పోల్చి చూచినచో కొంత నవ్వు వచ్చును. వయసెంత, ఆదాయమెంత, అప్పెంత, ఇంటిలో ఎవరికైన దీర్ఘరోగము కలదా: పూర్వులు చెప్పకుమన్నవానినే ఫారము వరుసగా అడుగుచున్నది. అడుగుట తప్పని నే ననను. పింఛను ఇయ్యవలెనన్న వయస్సు తెలియవలెను. మందు ఇయ్యవలెనన్న రోగము తెలియవలెను. అడిగి తెలిసికొనినదానిని కాచుట యెట్లన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు ప్రాచీనులలో సూటిగా బదులు చెప్పినవారు వైద్యులు. చరకసంహిత విమానస్థానము 8వ అధ్యాయమున, గురువు శిష్యునికి చేయు ఉపదేశమొకటి కలదు. రోగి యింటిలోని సంగతులను వైద్యుడు వెలుపల చెప్పరాదు. రోగి ఆయుస్సు క్షీణించుచున్నదని తెలిసినను, చెప్పుటవలన రోగికిగాని మరియొకరికిగాని దెబ్బ తగులునట్లున్నచో అచ్చట చెప్పరాదు. ఇందు కాపాడబడునది రోగి సొత్తు; వైద్యుడు కాపరి. రాజనీతిశాస్త్రము చెప్పు గోప్యము వేరు. ఆర్. శామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన కౌటిల్యుని అర్థశాస్త్రమున, మంత్రాలోచన చేయు చోటు పక్షులకు సైతము కానరాని దై యుండవలెనని యున్నది. చిలుకలు, గోరువంకలు, కుక్కలును పూర్వము మంత్రమును బయటపెట్టినట్లు వినికిడియట! అచ్చట కాపాడబడునది రాజుయొక్క ఆలోచన. మన రాజ్యములు కౌటిల్యుని పాఠమును శ్రద్ధగా నేర్చినవి. చరకుని పాఠము వైద్యశాస్త్రపు తాటాకులలోనే యుండిపోయినది.

తెలంగాణమున ఈ భావమునకు మరియొక మాట యుండెను, "అమానతు". అరబ్బీనుండి ఉర్దూలోనికి, ఉర్దూనుండి మన వాడుకకు వచ్చిన మాట. నమ్మి అప్పగించిన సొమ్ము అమానతు, నమ్మదగినవాడు అమీను. నిజాము రాజ్యమున పోలీసు ఠాణా అధికారిని అమీను అనుచుండిరి. ఆ పేరు వినిన పల్లెవాడు తలుపు మూసికొనెడివాడే గాని తన కష్టము చెప్పుకొనుటకు ఎదురు పోయెడివాడు కాడు. ఒక మాట చరిత్రలో ఎంత దూరము పోగలదో దీనివలన తెలియును.

ఆ కాలపు పట్వారి దఫ్తరును గూర్చి ఇచ్చట కొంత విస్తరించి చెప్పవలెను. గ్రామములోని ప్రతి చెలకయు, ప్రతి మడియు ఎవరి పేరనున్నదో తెలుపు పహాణీలు పట్వారి యింటిలో నుండెడివి. 1880వ దశకమున ఫారసీ స్థానమున ఉర్దూ కచ్చేరీభాష యైనది. రైతునకు ఆ భాష రాదు, ఆ లిపి రాదు, పెక్కుమందికి ఏ లిపియు రాదు. తన భూమి తన పేరననే యున్నదా, తాను చెల్లించిన శిస్తు జమయైనదా యన్న సంగతి తెలియుటకు పట్వారి నోరే దిక్కు. ఆ నోరు తెరిపించుటకు కోడియో, గంపెడు వడ్లో, వెట్టిచాకిరియో కావలెను. దొర గడిలోనివారికి మాత్రము ఊరివారందరి లెక్కలును తెలిసియుండెడివి. రైతు సంగతి రైతునకు తప్ప తక్కినవారికెల్ల తెలియుట, దానికి గోప్యమని పేరు పెట్టుట! పసులకాపరి మందను తన దొడ్డిలో కట్టివేసికొని, యజమాని వచ్చి అడిగిన "చూపరా"దనినట్లు. పట్వారి పదవులు 1984లో రద్దయినవి. గ్రామలెక్కలు ఇండ్లనుండి కచేరీలకు వచ్చినవి. కాని లెక్కలను దాచుట యధికారముయొక్క అలంకారమను భావము పదవితో కూడ రద్దు కాలేదు.

ఉత్తరముల సంగతియు నిట్టిదే. బ్రిటిషు ఇండియాలో 1879 జూలై 1న పోస్టుకార్డు వచ్చినది. నిజాము రాజ్యమునకు వేరుగా తపాలాశాఖ యుండి, 1950 ఏప్రిల్ 1న భారత తపాలాలో కలిసినది. కార్డుమీది వ్రాత ఎల్లరకును కనబడునదే. అయినను చదువురాని పల్లెలో అది ఒక్కనికే కనబడును, చదువు వచ్చినవానికి. బొంబాయికో షోలాపురమునకో వలస పోయిన కొడుకు వ్రాసిన కార్డును తల్లి చేతబట్టుకొని వానియొద్దకు వచ్చును. అప్పు, జబ్బు, కోడలితో తగవు, అన్నియు మొదట వానికే తెలియును. పంతుళ్ల కీ పని తరతరములుగ అబ్బినది. మంచి పంతులు చదివి వినిపించి కార్డు చేతికిచ్చి మరచిపోయెడివాడు. మరచిపోవుట గొప్ప విద్య. నేడు కార్డు స్థానమున సెల్‌ఫోను వచ్చినది. పింఛను డబ్బు తీయుటకు ముసలమ్మ ఫోనును, ఆధార్ కార్డును, బొటనవ్రేలిని కూడ బ్యాంకు ప్రతినిధియైన కుఱ్ఱవానికి అప్పగించును. "ఓటీపీ ఎవరికిని చెప్పకుడు" అని ఫోనులో హెచ్చరిక వచ్చును. దానిని చదివి ఆమెకు చెప్పువాడును ఆ కుఱ్ఱవాడే.

ఈ ప్రాంతమున చెప్పుట, చెప్పకుండుట యను రెండును ప్రాణసంకటములైన కాలము కూడ గడచినది. 1980 తరువాత రెండు మూడు దశాబ్దులు మహాదేవపూరు, కాటారము అడవులలో సాయుధదళములు తిరిగినవి. వారిని వెదకుచు పోలీసులు తిరిగిరి. రాత్రి ఎవరో వచ్చి అన్నమడుగుదురు. తెల్లవారిన మరియొకరు వచ్చి ఎవరు తినిపోయిరని అడుగుదురు. చెప్పిన ఒకరి కోపము, చెప్పకున్న మరియొకరి కోపము. "ఇన్ఫార్మరు", "కొరియరు" అను ఇంగ్లీషు మాటలు ఈ పల్లెలకు బడిద్వారా రాలేదు, భయముద్వారా వచ్చినవి. ఇరుపక్షములవారును పల్లెవాని గుట్టును తమ సొత్తుగనే భావించిరి. వాని సంగతి వానిదేనని, చెప్పుటయో మానుటయో వాని యిష్టమని అన్నవారు అరుదు. నేటికిని కొత్తవాడు వచ్చి దారి యడిగినను ఇచ్చటి పెద్దలు కొందరు మొదట "నాకు తెల్వది బిడ్డా" అందురు. అది అజ్ఞానము కాదు.

ఇక న్యాయశాస్త్రము. 1872 సాక్ష్యశాసనము భార్యాభర్తల నడుమ జరిగిన మాటలను, కక్షిదారు తన వకీలునకు చెప్పిన మాటలను కాపాడినది. 2024 జూలై 1న అమలునకు వచ్చిన కొత్త సాక్ష్యశాసనమును ఆ రక్షణ నుంచినది. వైద్యునికి చెప్పినదానికి మాత్రము న్యాయస్థానమున అట్టి రక్షణ అప్పుడును లేదు, ఇప్పుడును లేదు. చరకుడు వినిన నొచ్చుకొనును. హెచ్.ఐ.వి. సోకినవారి విషయమున మాత్రము 2017లో ఒక ప్రత్యేక శాసనము వచ్చినది. రోగి సమ్మతి లేక ఆ సంగతి వెల్లడింపరాదని అది సాధారణనియమము చేసినది.

ధనమును గూర్చిన గోప్యమునకు మన తెలుగునేలనుండి పోయిన యొక వ్యాజ్యము దేశమునకంతకు దారి చూపినది. దానిని మనవారు తగినంతగా ఎరుగరు. 1899 స్టాంపు శాసనమున 73వ నిబంధన యొకటి కలదు. ప్రభుత్వాధికారుల యొద్దనున్న దస్తావేజులను, స్టాంపు సుంకము ఎగవేతను కనిపెట్టుటకై, కలెక్టరు అనుమతించినవారు తనిఖీ చేయవచ్చునని దాని సారము. 1986లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఈ నిబంధనను మార్చినది. ప్రభుత్వాధికారుల యొద్దనున్నవియే గాక, బ్యాంకులు మొదలగువారి యొద్దనున్న కాగితములను సైతము, కలెక్టరు అధికారమిచ్చిన "ఏ వ్యక్తియైనను" పోయి చూడవచ్చును, నకళ్లు తీసికొనవచ్చును, అవసరమని తోచిన పట్టుకొనిపోవచ్చును. ఆ వ్యక్తి ప్రభుత్వోద్యోగియై యుండవలెనన్న నియమము లేదు. కారణము వ్రాసి చూపవలెనన్న నియమమును లేదు.

కెనరా బ్యాంకును మరికొన్ని బ్యాంకులును హైదరాబాదు హైకోర్టునకు పోయినవి. హైకోర్టు ఆ సవరణను కొట్టివేసినది. హైదరాబాదు జిల్లా రిజిస్ట్రారును, కలెక్టరును సుప్రీంకోర్టునకు అప్పీలు చేసిరి. 2004 నవంబరు 1న అప్పీళ్లు త్రోసివేయబడినవి. ఆ తీర్పులోని తర్కము చూడదగినది. అమెరికా సుప్రీంకోర్టు 1976లో, మిల్లరు వ్యాజ్యమున, ఖాతాదారుడు తన కాగితములను తానే బ్యాంకు చేతికిచ్చినాడు గనుక వానియందు అతనికి ఏకాంతపు హక్కు మిగులదని చెప్పియుండెను. మన న్యాయస్థానము ఆ దారిని పోలేదు. హక్కు మనిషిని అంటియుండును గాని చోటును కాదు. కాగితము ఇంటినుండి బ్యాంకునకు పోయినంతమాత్రమున దాని గోప్యము పోదు. బ్యాంకు దానిని నమ్మకముమీద ఉంచుకొన్నది. ఊరుపేరులేని "ఏ వ్యక్తి"కో దానిని తెరచి చూపుమనుట చెల్లదు. నా పసులకాపరి భాషలో చెప్పవలెనన్న, పశువు మందలో కలిసినంతనే పరులది కాదు. ఇంగ్లండులో 1924 నాటి టూర్నియరు తీర్పు బ్యాంకుకు ఈ కాపుదల ధర్మమును విధించి, శాసనబలము, ప్రజలయెడ కర్తవ్యము, బ్యాంకు స్వప్రయోజనము, ఖాతాదారుని సమ్మతి యను నాలుగు మినహాయింపులను చెప్పియుండెను. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తులు ఏకాంతము ప్రాథమికహక్కని తీర్మానించిన పుట్టస్వామి తీర్పులోను ఈ హైదరాబాదు వ్యాజ్యము చర్చకు వచ్చినది.

బ్యాంకునకు పోగలవాని అప్పునకు ఈ రక్షణ యంతయు. పోలేనివాని అప్పు వీధిలో పడినది. సూక్ష్మఋణ సంస్థలు గుంపునకు అప్పిచ్చి, ఒకామె వాయిదా తప్పినచో పదిమందిని ఆమె గడపయెదుట కూర్చుండబెట్టిన రోజులు మనకు మరపునకు రానివి. 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆ బలవంతపు వసూళ్లను నిరోధించుచు ఆర్డినెన్సు తెచ్చినది. తొమ్మిది గోప్యములలో ధనము, ఇంటిలోపము, అవమానము మూడును ఒక్క గడపయొద్ద ఒక్క ఉదయమున బయలుపడుట ఎట్టిదో ఆ స్త్రీలకు తెలియును.

మాట తప్పు చోట వాడబడుటకు ఉదాహరణలు మా ఉద్యోగములలోనే కలవు. ఉద్యోగినిగూర్చి పైయధికారి ఏటేట వ్రాయు గుణదోషనివేదికకు "కాన్ఫిడెన్షియల్ రిపోర్టు" అని పేరు. అది ఎవరినిగూర్చి వ్రాయబడినదో వానికే చూపరాదన్నది ఆచారము. చెడ్డమాట వ్రాసిననాడు మాత్రము తెలుపుచుండిరి. 2008 మే నెలలో దేవదత్తు వ్యాజ్యమున సుప్రీంకోర్టు, మంచిదైనను చెడ్డదైనను ప్రతి వ్రాతను ఉద్యోగికి తెలుపవలెనని చెప్పినది. 1923 నాటి అధికార రహస్యముల శాసనము ఇంకను కలదు. దానికి ఎదురుగా 2005 అక్టోబరు 12న సమాచారహక్కు శాసనము అమలునకు వచ్చినది. అయినను రోడ్డుపనికి ఎంత కంకర పోసిరో వ్రాసిన కొలతపుస్తకమును చూపుమన్న, "అది గోప్యము" అను జవాబు కచేరీలలో వినబడుచునే యుండును. రోడ్డు ప్రజలది, డబ్బు ప్రజలది, పుస్తకము ప్రజలది. కాపరి ఎవరికి చూపననుచున్నాడు?

2014 ఆగస్టు 19న తెలంగాణ రాష్ట్రమంతటను ఒక్క దినమున సమగ్ర కుటుంబ సర్వే జరిగినది. కాటారము అప్పు డింకను కరీంనగరు జిల్లాలోనిది. 2016 అక్టోబరు 11న భూపాలపల్లి జిల్లాలో చేరినది. సూరతు, బొంబాయిల నుండి జనము బస్సులు నిండి ఇండ్లకు వచ్చిరి; ఇంట లేనివారి పేరు కొట్టివేయుదురన్న భయము. 2024 నవంబరు 6న మరియొక ఇంటింటి సర్వే మొదలైనది. ప్రాథమిక పాఠశాలల ఉపాధ్యాయులు ఎందరో అందు గణకులైరి. ఈ సర్వేలకును జనగణనకును ఒక భేదము కలదు. జనులకే గాక గణకులకును పలువురకు అది తెలియదు. 1948 జనగణన శాసనము 15వ నిబంధన ప్రకారము, గణకుడు వ్రాసిన పుస్తకమును చూచుటకు ఎవ్వరికిని హక్కు లేదు. అందలి వ్రాత సివిలు వ్యాజ్యములలో సాక్ష్యముగ చెల్లదు. ఆ శాసనము క్రిందనే నడచు అభియోగమున తప్ప క్రిమినలు విచారణలోను చెల్లదు. రాష్ట్రసర్వేలు ఆ శాసనము క్రిందివి కావు. గడపయొద్ద అడుగునది అదే పంతులు, చేతిలో అదే అట్ట, అదే కలము. ఒకనాడు చెప్పినది శాసనపు పెట్టెలో పడును. మరియొకనాడు చెప్పినది ఎచ్చట పడునో చెప్పినవారికి తెలియదు. 2027 మార్చి 1 గడియను ఆధారముగ గైకొని రానున్న జనగణనకు 2025 జూన్ 16న ప్రకటన వెలువడినది. మన ఉపాధ్యాయులు మరల గడపలెక్కుదురు. ఫారము తెరచుటకు ముందు ఇది ఏ శాసనము క్రిందిదో రెండు మాటలలో చెప్పిన పోయెడిదేమియు లేదు, నిమిషము పట్టును.

చివరకు ఓటు. 1951-52 ఎన్నికలలో ప్రతి యభ్యర్థికి వేరొక పెట్టె యుండెను, పెట్టెపై గుర్తు, తెరచాటున ఓటరు తనకు నచ్చిన పెట్టెలో కాగితము వేసెను. నిన్నటిదాక గడియెదుట చెప్పులు విడిచి నడచినవాడు దొరకు తెలియకుండ చేసిన మొదటి రాజకార్యము అదియే కావచ్చును. ఎవరికి ఓటు వేసితివని సాక్షిని అడుగరాదని 1951 ప్రజాప్రాతినిధ్య శాసనము 94వ నిబంధన చెప్పుచున్నది. కాని ఒక్క మనిషి ఓటు తెలియదు, గూడెపు ఓటు తెలియును. కాగితపు ఓట్ల కాలమున పలు కేంద్రముల ఓట్లను కలగలిపి లెక్కించుటకు నిబంధన యుండెను. 2004లో లోక్‌సభ యెన్నిక లన్ని నియోజకవర్గములలోను యంత్రములతో జరిగిన పిమ్మట, యంత్రము యంత్రమునకును లెక్క వేరుగ తేలుచున్నది. కేంద్రమువారీ పట్టికను ఎవరైనను చూడవచ్చును. వెయ్యి గడపల ఊరిలో దానివలన బాధ లేకపోవచ్చును, రెండు మూడు చిన్న గూడెములకు ఒక్క కేంద్రమున్నచోట, నాయకుడు ఆ పట్టిక చేతబట్టుకొని "మీరు మాకు వేయలేదు, మీకు బోరెందుకు?" అనుటకు వీలున్నది. కొన్ని యంత్రముల లెక్కను కలిపి చూపు పరికరమును వాడుదమని ఎన్నికల సంఘము 2008లో ప్రతిపాదించినది. లా కమిషను 2015లో తన 255వ నివేదికలో దానిని సమర్థించినది. ఆ పరికరము నేటివరకు ఓట్ల లెక్కింపు బల్లమీదికి రాలేదు.